వీలునామా రెండో పేజీ

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో నేను పనిచేసిన కంపెనీ ఆఫీసులో చనిపోయినవాళ్ల ఫైళ్లకు విడిగా ఒక అర ఉండేది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో చివరి తొమ్మిదేళ్లు ఆ అర తాళం నా దగ్గరే ఉంది. ఇప్పుడు అలాంటి పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఏ కాగితం తర్వాత ఏది పెట్టాలని అడుగుతుంటారు. చెబుతాను. అది ఎవరైనా చెప్పగలరు. ఒక ఫైలు గురించి మాత్రం ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసులో అందరూ నన్ను మెచ్చుకున్న ఫైలు అది.

మాది బిల్డింగులు కట్టే, మరమ్మతులు చేసే కంపెనీ. పనివాళ్లలో సగం మంది మా కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు. నేను టైపిస్టుగా చేరి, అరబ్బీ నేర్చుకుని, ఇకామాల గుమాస్తానయ్యాను. పనివాళ్ల నివాస అనుమతులు, సెలవు కాగితాలు చూసేవాణ్ని. తర్వాత ఒక ఏడాది ఇంటి దగ్గర నా భార్యకు ఉన్నట్టుండి జబ్బు చేసింది. దేశం దాటడానికి అనుమతి దొరికి నేను ఊరు చేరేసరికి ఆమె పోయి మూడో రోజు. ఎముకలు ఏరే పని మాత్రమే నాకు మిగిలింది. తిరిగొచ్చాక ఆ అర తాళం నేనే అడిగి తీసుకున్నాను. దయగలవాణ్నని కొందరు అనుకున్నారు. ఆ పనిలో ఉంటే ఎవరూ ఊరికే వచ్చి పలకరించరు, అంతే.

ఆ ఫైలు మనిషి ఏసీ డక్టులు బిగించేవాడు. యాభైకి దగ్గర. ఒక మధ్యాహ్నం నిచ్చెన దిగి, నేల మీద కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగాడు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మూడు రోజులు స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉండి పోయాడు.

ఆ వార్డులో గోదావరి జిల్లా నర్సు ఒకామె ఉండేది. చాలా ఫైళ్ల వల్ల నాకు పరిచయం. అతని బట్టలు, గడియారం, పర్సు ఉన్న సంచి నా చేతికిచ్చి, పర్సులోంచి ఒక ఫోటో బయటికి తీసింది. స్కూలు యూనిఫారంలో రెండు జడల పిల్ల.

"అన్నయ్యగారూ, ముందు ఈ పాపెవరో కనుక్కోండి."

"పాస్‌పోర్టులో పెళ్లి వివరం లేదమ్మా. భార్య పేరు దగ్గర ఖాళీ."

"కాగితంలో ఖాళీ ఉంటే పాప పుట్టడం మానేసిందా అండీ? మీ కళ్లజోడు కాగితాలకి తప్ప మనుషులకి పనికొచ్చేలా లేదు."

నేను నవ్వి ఫోటోను కవరులో పెట్టుకున్నాను.

అతని పాస్‌పోర్టులో ఉన్న ఊరు ఇప్పుడు లేదు. రిజర్వాయరు కింద మునిగిపోయింది. అత్యవసరానికని ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో రద్దయింది. అతని ఫోన్ తెరుచుకోలేదు. క్యాంపుకు వెళ్లి అతని గది వాళ్లను అడిగాను.

"గాయన ఎక్కువ మాట్లాడకపోవు సార్," అన్నాడు పక్క మంచం అతను. "ఇంట్ల ఎవలెవలున్నరే అంటే నవ్వెటోడు. మా ఊరే నీళ్లల్ల ఉన్నది, ఇగ ఇల్లెక్కడిదిరా అనెటోడు."

"ఎవరికైనా ఫోన్ చేసేవాడా?"

"శుక్రారం శుక్రారం బయటికి పోయి మాట్లాడెటోడు. ఎవల్తోని అని అడిగితే, నీ సోపతిగాడు గాదులే అనెటోడు."

శవాన్ని ఎక్కడికి పంపాలన్నా, అక్కడే ఖననం చేయాలన్నా, చట్టప్రకారం వారసులైన వాళ్లు రాసిచ్చిన అధికారపత్రం కావాలి. అది లేకపోతే మనిషి శవాగారంలోనే ఉంటాడు. నేను వారసుణ్ని వెతకాలి. ఊరు లేని మనిషికి.

మా జిల్లా కోర్టులో నాతో చదువుకున్న ఒకతను వకీలు గుమాస్తాగా ఉన్నాడు. ఊరు మునిగినప్పుడు పరిహారం చాలలేదని నిర్వాసితులు కోర్టుకెక్కి ఉంటారు, ఆ కేసుల్లో ఇంటింటి వివరం ఉంటుంది కదా అని నాకు తోచింది. అతను రెండు రోజులు రికార్డు రూములో కూర్చుని పేజీలు ఫోటో తీసి పంపాడు. నేను గదిలో రోజూ చదివే పుస్తకం పక్కన పెట్టి వాటినే చదివాను. ఆ ఇంటిపేరు గలవాళ్లు మూడు కుటుంబాలు. అతని తండ్రి పేరే మరో కుటుంబంలోనూ ఉంది. చివరికి ఒక దరఖాస్తులో, 'రెండవ కుమారుడు గల్ఫ్ దేశంలో ఉన్నందున అతని తరఫున తల్లి' అని రాసి పక్కన వేలిముద్ర ఉంది. ఆ తల్లి చనిపోయింది. అన్న ఉన్నాడు. పునరావాస కాలనీలో అతని ఇంటి నంబరు కూడా దొరికింది. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది.

మా మేనేజర్ ఈజిప్టు ఆయన. "నువ్వు పోలీసుల్లో ఉండాల్సినవాడివి" అని నా భుజం తట్టి, కునాఫా ట్రే ఒకటి తెప్పించి ఆఫీసంతా పంచాడు. చనిపోయినవాడి ఫైలు మీద మిఠాయి తినడం నాకు ఇబ్బందనిపించింది. కానీ తిన్నాను. గర్వంగానే తిన్నాను.

అన్న ఫోన్‌లో కొంచెం ఏడ్చాడు. తర్వాత కాగితాలు పంపాడు. తమ్ముడికి తానొక్కడే దగ్గరి బంధువునని తీసుకున్న ధ్రువపత్రం, తల్లి మరణ ధ్రువపత్రం, తల్లి రాయించిన వీలునామా. వీలునామా మూడు పేజీలు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. దాన్ని తలా తోకా చూడడం అనేవాళ్లం. వీలునామా వస్తే మొదటి పేజీలో రాయించినది ఎవరు, వాళ్లకు పిల్లలెందరు అని చూస్తాం. చివరి పేజీలో సంతకాలు, సాక్షులు, రిజిస్ట్రేషను ముద్ర చూస్తాం. మధ్యలో ఉండేవి పొలం హద్దులు, ఇంటి జాగాల పంపకాలు. వాటితో మాకు పని లేదు. ఆ పద్ధతి పెట్టింది నేనే. మొదటి పేజీలో ఇద్దరు కొడుకులని ఉంది. చివరి పేజీలో ముద్ర ఉంది. సరిపోయింది.

"మీ తమ్ముడి భార్య?" అని అడిగాను.

"తెగిపోయింది సార్, ఎప్పుడో. పెద్దమనుషులల్ల కూసోని కాగితం రాసుకున్నం. గామె తొవ్వ గామెది, మా తొవ్వ మాది."

"పర్సులో ఒక పాప ఫోటో ఉంది."

"మా చిన్నది సార్. చిన్నాయినంటే పానం దానికి."

ఇది విని నేను ఆగాల్సింది. పెద్దమనుషుల కాగితం చట్టం ముందు విడాకులు కాదని నాకు తెలుసు. ఎన్నో ఫైళ్లలో చూశాను. కానీ నేనూ ఆ ప్రాంతం వాణ్నే. మా ఊళ్లో కోర్టుకు వెళ్లి తెంచుకున్న పెళ్లి ఒక్కటి కూడా నాకు తెలియదు. మా సొంత చెల్లెలి పెళ్లి మా వాకిట్లోనే తెగింది. ఇరువైపుల పెద్దలు కూర్చున్నారు, తెల్లకాగితం మీద సంతకాలయ్యాయి, అందరూ టీ తాగి లేచారు. దాన్ని ఎవరూ తప్పనలేదు, నేనూ అనలేదు. కాబట్టి తెగిపోయింది అన్న మాట నాకు పూర్తి జవాబులా వినిపించింది. పిల్లలున్నారా అని అడగలేదు. వేరే ప్రాంతం గుమాస్తా అయితే అడిగి ఉండేవాడు.

"శవాన్ని పంపమంటారా?" అన్నాను.

"ఎన్ని దినాలైతది సార్?"

"చెప్పలేను. రెండు నెలలు కావచ్చు."

"అన్ని దినాలు ఏం జూస్తం సార్ మేము. ముకం గూడ ఉండదు. ఆడనే మట్టి చేయుండ్రి. నేను సంతకం వెడత."

పోలీసుల కాగితం, ఆసుపత్రి కాగితం, ఒక్కొక్కటీ కదలడానికి ఎలాగూ రెండు నెలలే పట్టింది. ముస్లిమేతరులకు కేటాయించిన శ్మశానం మాకు చాలా దూరం. ఖననం రోజున కంపెనీ వ్యాను తెల్లవారకముందే పెట్టెతో బయల్దేరింది. డ్రైవరు సియాల్‌కోట్ వైపు పాకిస్తానీ. మాటకారి, మంచివాడు. నేను వెళ్లలేదు. నేను ఎప్పుడూ వెళ్లేవాణ్ని కాదు.

ఆ ఉదయం ఫైలు ముగించడానికి కాగితాలన్నీ అరబ్బీలోకి మార్చాలి. మార్చేటప్పుడు తలా తోకా చాలదు, మధ్యది కూడా చదవాలి. పదిన్నరకు వీలునామా రెండో పేజీకి వచ్చాను.

'ఊరు మునిగినందున ప్రభుత్వము ఇచ్చిన ఇంటి జాగాలలో ఒకటి నా పెద్ద కుమారునికిని, రెండవది నా చిన్న కుమారుని కుమార్తె, ప్రస్తుతము తల్లి వద్ద పెరుగుచున్న నా మనుమరాలికిని చెందవలెను. పెద్దమనుషులు ఏమి రాసుకున్నను నా మనుమరాలు నా మనుమరాలే.'

ఆ చివరి వాక్యం దస్తావేజు రాసేవాళ్ల భాష కాదు. ఆ ముసలామె పట్టుబట్టి రాయించి ఉంటుంది.

కవరులోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టాను. టీ తెప్పించుకుని తాగాను. తర్వాత అన్నకు ఫోన్ చేశాను. నేను చేయాల్సిన ఫోన్ డ్రైవరుకు.

"మీ తమ్ముడికి కూతురుందా?"

"ఉన్నది సార్. గామెతోనే పోయింది. పంచాయితీల గట్లనే రాసిండ్రు."

"ఫోటోలో ఉన్నది ఆ పిల్లేనా?"

"ఇప్పుడవన్నెందుకు లేపుతరు సార్? శవమస్తే వాళ్లస్తరు, లొల్లి వెడతరు. సచ్చినోనికన్న నిమ్మలం ఉండనీయుండ్రి. మీరు మావోళ్లే గదా, మీకు జెప్పాల్నా?"

మీరు మావోళ్లే. ఆ మాట నా మీద పనిచేసింది. ఫోన్ పెట్టేసి కారణాలు వెతుక్కున్నాను. వ్యానును వెనక్కి పిలిస్తే శవాగారానికి మళ్లీ ఉత్తరం రాయాలి. ఖననానికి ఇచ్చిన అనుమతి పోతుంది, మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఇంకో రెండు మూడు నెలలు. అతను అప్పటికే చాలా రోజులుగా చలిగదిలో ఉన్నాడు. ఎదురుచూడడం కన్నా మట్టిలో కలవడం మేలని, నా భార్యను తలచుకునే, నాకు నేను చెప్పుకున్నాను. ఇవన్నీ నిజమైన కారణాలే. అందుకే వాడుకోవడం తేలికైంది. నిజానికి అన్నిటికన్నా ముందు నాకు గుర్తొచ్చింది కునాఫా ట్రే. తొమ్మిది రోజుల్లో వారసుణ్ని పట్టుకున్న మనిషి, తప్పు మనిషిని పట్టుకున్నానని మేనేజరుకు చెప్పాలి.

పన్నెండు దాటాక డ్రైవరే ఫోన్ చేశాడు. "సాబ్, నమాజ్ కే లియే రుకా హూఁ. కాగజ్ సబ్ ఠీక్ హై నా? జావూఁ?" కాగితాలన్నీ సరిగానే ఉన్నాయా, వెళ్లనా అని.

"ఠీక్ హై," అన్నాను. "జావో."

ఆ తర్వాత క్యారియర్ తెరిచి భోజనం చేశాను. రెండు గంటలకు ఖననమైంది.

మూడు నెలలకు ఇండియా నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు. తండ్రి పేరు చెప్పి, ఆయన బిడ్డనంది.

"మట్టయిన పదకొండో రోజు దినం జేస్తున్నరని ఎవలో చెప్తే పోయిన సార్. మా బాపు ఫోటోకు దండేసి ఉన్నది. గప్పుడు తెలిసింది నాకు. అంతకుముందు రెండు నెలల సంది ఫోన్ వస్తలేదని అనుకుంటనే ఉన్న. శుక్రారం శుక్రారం చేస్తుండె."

నేను ఆ ఫైలు అరలోంచి తీసి ముందు పెట్టుకున్నాను.

"నేను కోర్టు పక్కన దస్తావేజులు రాసేకాడ టైపింగ్ జేస్త సార్. మా పెద్దనాయిన మీకు పంపిన కాగితాలన్నిటికి నకల్లు తీసిన, మీ నంబరు గూడ వాటిల్లనే దొరికింది. మా అమ్మ కేసు గూడ తీసిన. పెద్దమనుషుల కాగితం చెల్లదని అమ్మ కోర్టుల వేసింది. మా బాపు ఆడినుంచే జవాబు రాసి పంపిండు. విడాకులు నాకద్దు, మా అన్న రాపిచ్చిండు, బిడ్డ నా బిడ్డనే అని. కోర్టు గట్లనే తీర్పిచ్చింది. ఆ కేసు మీకు దొరకలేదా?"

"వెతకలేదమ్మా. ఊరి కేసులు చూశాను. అన్న దొరికాడు. అక్కడితో ఆపేశాను."

"సరే. మా నానమ్మ వీలునామా ఉన్నది గదా మీ తాన. రెండో పేజీ చదివిండ్రా?"

"చదివాను."

"ఎప్పుడు? మట్టి చేసినంక చదివిండ్రా, ముందుగాల్నా?"

తర్వాతే అని చెప్పి ఉండొచ్చు. కాదని చెప్పేవాళ్లు ఎవరూ లేరు, అన్న కూడా చెప్పడు.

"ముందే," అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఎవరో కాగితం తెచ్చిస్తే పక్కన పెట్టమని చెప్పడం వినిపించింది. తర్వాత, "మట్టి ఎవలు పోసిండ్రు సార్?" అంది.

డ్రైవరు అప్పుడు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పి ఫోన్ అతనికిచ్చాను. అతను నిలబడి మాట్లాడాడు. "బేటీ, మై థా. మైఁనే అప్నే హాథ్ సే మిట్టీ డాలీ. తేరే అబ్బా కా చెహ్రా బిల్కుల్ సుకూన్ మే థా." తన చేత్తో మట్టి వేశానని, మీ నాన్న ముఖం ఎంతో ప్రశాంతంగా ఉందని. పెట్టె శవాగారంలోనే మూసి, సీలు వేసి ఇచ్చారని మా ఇద్దరికీ తెలుసు. అతను కనీసం ఒక అబద్ధమైనా ఆమె చేతిలో పెట్టగలిగాడు.

శవాన్ని తీయించి పంపగలమా అని తిరిగాను. వీలు పడలేదు. మేనేజరుతో జరిగింది చెప్పాను. ఆయన "ఖలాస్. ముగిసిన ఫైలు. ఎక్కడా ఏమీ రాసివ్వకు, కంపెనీ పేరు కోర్టుల్లోకి లాగకు" అన్నాడు. వార్డులో నర్సుకు కూడా చెప్పాను. ఈసారి ఆమె పరాచికమాడలేదు. "ఫోటో పంపించేశారా అండీ పాపకి?" అంది. అప్పటికి పంపలేదు. ఆ రోజే పంపాను.

అన్న వీలునామాలోని రెండో ఇంటి జాగా కూడా తనదే అంటున్నాడని, తమ్ముడికి వేరే వారసులు లేరని కంపెనీకి ఇచ్చిన కాగితాలనే ఇప్పుడు కోర్టులో చూపిస్తున్నాడని ఆ అమ్మాయి కొన్నాళ్లకు చెప్పింది. కూతురుందని తెలిసే అన్న వాటిని ఇచ్చాడని నేను ప్రమాణపత్రం ఇవ్వగలనా అని అడిగింది. అడగడమే, బతిమాలలేదు. ఉద్యోగంలో ఉంటే ఇవ్వలేను. నాకింకా ఏడాదిన్నర సర్వీసుంది. రాజీనామా రాసి, అర తాళం మేనేజరు బల్ల మీద పెట్టి, దేశం శాశ్వతంగా వదిలే ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వచ్చేశాను. దీన్ని త్యాగమని ఎవరైనా అంటే నాకు నచ్చదు. ఆ పని ఇక చేయలేకపోయాను.

కోర్టు ప్రహరీని ఆనుకుని, రేకుల కప్పు కింద ఆమె కూర్చునే చోటు. ఫోటోలో పిల్ల పోలికలు ఏమీ లేవు. నాకు స్టూలు వేసి, ముందున్న ముసలాయన కాగితం పూర్తిచేసి, తర్వాత నాది తెరిచింది. ప్రమాణపత్రం తనే రాసింది. ఒక్క మాట ఎక్కువ లేదు. నేను ఫలానా కంపెనీలో పనిచేశానని, వీలునామా రెండో పేజీ చదివానని, ఆ తర్వాత మృతుని అన్నకు ఫోన్ చేయగా కూతురున్నట్టు అతను ఒప్పుకున్నాడని. చదివిన సమయం దగ్గర మాత్రం ఖాళీ వదిలింది.

"అది మీరే నింపుండ్రి సార్. నేను రాస్తే నేను జెప్పిచ్చినట్టయితది."

'ఉదయం పదిన్నర గంటలకు' అని రాశాను. కింద వాక్యంలో ఖననం మధ్యాహ్నం రెండు గంటలకని ఆమె టైపు చేసే ఉంచింది. చదువుకుని సంతకం పెట్టాను. నోటరీ ముద్ర వేశాడు. ఆమె ఒక నకలు నాకిచ్చి, తర్వాతి మనిషిని పిలిచింది.

పదిన్నరకూ రెండింటికీ మధ్య నేనేం చేశానని ఆ కాగితం అడగలేదు. కోర్టుకు దానితో పని లేదు. అందుకని ఇక్కడ రాశాను.